పాత గ్రూపు ఫొటోలో ఉన్నది ఎవరెవరు?

గోడ మీది పాత ఫొటో చూసి పేర్లు చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంట్లో ఒక్కరే మిగిలి ఉంటే, ఈ పని వచ్చే సెలవుల దాకా ఆపకండి.

1. ముందు ఫొటోని కాపాడండి. చెమ్మకి అది అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగొద్దు, ముఖాలు ఊడి అద్దానికే ఉండిపోతాయి. అద్దం మీదుగానే, కిటికీ పక్క నీడలో, ఫ్లాష్ లేకుండా ఫోనుతో తీయండి. విడిగా వస్తే 600 డీపీఐలో స్కాన్ చేయించండి. తడిగుడ్డ తగలనివ్వకండి. అట్ట మూలన స్టూడియో పేరు, ఊరు ఉన్నాయేమో చూడండి.

2. స్కాన్ చేసిన కాపీని పెద్దదిగా ప్రింటు తీయించి, పైన ట్రేసింగ్ పేపరు పరిచి, ఒక్కో తల చుట్టూ గీత గీసి నంబరు వేయండి. ఒళ్లో పసిపాపకి కూడా.

3. ఇప్పుడు అమ్మమ్మ దగ్గర కూర్చోండి. అడిగి ఫోనులో రికార్డింగు పెట్టండి. “ఇది ఏ సంవత్సరం?” అంటే ఆవిడ తడబడుతుంది. “దివిసీమ ఉప్పెనకి ముందా, తర్వాతా?” అనండి, ఫొటో 1977కి ముందుదో తర్వాతదో తేలుతుంది. తెలంగాణలో ఇంకా పాత ఫొటో అయితే 1948 పోలీసు చర్యని గుర్తుచేయండి. “మన్మథ నామ సంవత్సరం” అన్నారా, అది 1955-56. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి మనుషుల వయసుతో సరిచూసుకోండి. అన్నిటికంటే గట్టి ఆధారం చంకలో బిడ్డ. ఆ బిడ్డ పుట్టిన ఏడు తెలిస్తే ఫొటో ఏడు దొరికినట్టే.

తొందరపెట్టకండి. మా అమ్మమ్మ ఒక జరీ అంచు చూసి పావుగంట మాట్లాడింది. ఆ చీర ఆవిడది కాదట, ఫొటో కోసం తోడికోడలు ఇచ్చిందట. ఇలాంటిది ఏ ప్రశ్నకీ జవాబుగా రాదు. పురిట్లో పోయిన పిల్ల దగ్గర ఆవిడ ఆగిపోతే మీరూ ఆగండి. మిగతాది రేపు అడగొచ్చు.

4. ఆడవాళ్ల దగ్గర పట్టుపట్టండి. “పెద్దమావయ్య భార్య” అని రాసుకుని వచ్చేయకండి. ఆవిడ పేరేమిటి, పుట్టింటి ఇంటిపేరేమిటి, ఏ ఊరి పిల్ల, అత్తారింట్లో పేరు మార్చారా అని అడగండి. మగవాళ్ల పేర్లు పొలం కాగితాల్లోనైనా దొరుకుతాయి. ఆస్తి తన పేర లేని కోడలికి చాలాసార్లు ఈ ఫొటో ఒక్కటే ఆనవాలు.

5. పేర్లు ఫొటో వెనక అంచున మెత్తటి పెన్సిలుతో, నొక్కకుండా రాయండి. బాల్‌పెన్ను వాడితే అచ్చు ముందువైపు తేలుతుంది. తెలియని చోట ఊహించి రాయకండి, నంబరు వేసి ఖాళీగా ఉంచండి.

6. నంబర్ల కాపీని చుట్టాలందరికీ పంపండి. మా ఫొటోలో ఏడో నంబరు మూడేళ్లు ఖాళీగానే ఉంది. అదే ఫొటో ఇంకో కాపీ ఒక పిన్ని ట్రంకు పెట్టెలో దొరికింది. దాని వెనక సిరాతో ఆ ఏడో నంబరావిడ పేరు ఉంది, ఆ ఏడో నంబరావిడ చేతిరాతతోనే.