కంటబడని ప్రాణులు

(వ్యాసం)

ఉద్దేశం: వన్యప్రాణుల రక్షణకు కావలసిన ధనానికీ, ప్రజల ఆదరణకూ గల సంబంధాన్ని తెలుసుకోవడం, ఎక్కువమందికి తెలియని ప్రాణులపట్ల శ్రద్ధ పెంపొందించుకోవడం.

పిల్లలూ! అడవిలో ఉండే ఒక ప్రాణి పేరు చెప్పమంటే మీలో చాలామంది పులి అనో, ఏనుగు అనో అంటారు. కలివికోడి అని చెప్పేవారు తరగతిలో ఒక్కరైనా ఉంటారో లేదో! అందులో మీ తప్పేమీ లేదు. పులిని గురించి చిన్ననాటి నుంచి కథల్లో వింటున్నాం, బొమ్మల్లో చూస్తున్నాం. కలివికోడిని కళ్ళారా చూసినవారు లోకంలోనే బహు కొద్దిమంది. రెండూ అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న ప్రాణులే. కాని ఒకదాన్ని ప్రపంచమంతా ఎరుగును. రెండవదాన్ని పక్క జిల్లావారు కూడా ఎరుగరు. ఈ తేడా వల్ల ఏమవుతుందో చూద్దాం.

1972లో మన దేశంలో పులులను లెక్కించగా 1,827 మాత్రమే ఉన్నట్లు తేలింది. ఈ సంగతి దేశాన్ని కలవరపెట్టింది. ఆ ఏడే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973 ఏప్రిల్ 1న పులుల రక్షణ పథకం మొదలైంది. మొదట ఎంపిక చేసిన తొమ్మిది అడవుల్లో కర్ణాటకలోని బందిపూర్, మహారాష్ట్రలోని మేల్ఘాట్, ఒడిశాలోని సిమిలిపాల్ ఉన్నాయి. ప్రభుత్వం నిధులు కేటాయించింది. ప్రపంచ వన్యప్రాణి నిధి అనే సంస్థ విదేశాల్లో విరాళాలు సేకరించి సాయపడింది. నడుమ 2006లో పులుల సంఖ్య 1,411గా తేలి ఆందోళన కలిగించినా, 2022 లెక్కల ప్రకారం అది సుమారు 3,682కు చేరింది. లెక్కించే పద్ధతులు మారిన మాట నిజమే. అయినా పులి నిలదొక్కుకుంది.

పులికోసం పెట్టిన ఖర్చు పులికి మాత్రమే ఉపయోగపడలేదు. పులి బతకాలంటే జింకలుండాలి. జింకలుండాలంటే గడ్డి, నీరు ఉండాలి. అవి ఉండాలంటే అడవి ఉండాలి. కాబట్టి పులి అనే గొడుగు కింద ఎన్నో ప్రాణులు తలదాచుకున్నాయి. అయితే ఎంత పెద్ద గొడుగైనా అందరికీ చాలదు. పులి తిరగని చోట బతికే ప్రాణుల మాటేమిటి?

కలివికోడి అటువంటిదే. ఇది జానెడు కంటె కొంచెం పెద్దదైన పక్షి. దట్టమైన అడవిలో ఉండదు. కలివి వంటి ముళ్ళపొదల నడుమ, అక్కడక్కడ ఖాళీ నేల ఉన్నచోట, రాత్రివేళ నేలమీద పరుగెడుతూ మేత వెతుక్కుంటుంది. జెర్డాన్ అనే వైద్యుని పేరుమీద 1848లో శాస్త్రలోకానికి పరిచయమైంది. 1900 తరువాత ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు.

బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘంవారు మాత్రం ఆశ వదలలేదు. పక్షి బొమ్మ పట్టుకొని కడప జిల్లా పల్లెల్లో వాకబు చేశారు. చివరకు 1986 జనవరిలో ఒక స్థానికుడు రాత్రివేళ దీపపు వెలుగులో ఆ పక్షిని పట్టుకున్నాడు. పెద్ద చదువులు చదివినవారు ఎనభై ఆరేళ్ళుగా చూడలేనిదాన్ని ఆ ముళ్ళపొదలెరిగిన మనిషి చూపించాడు. 1988లో ప్రభుత్వం అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యాన్ని ఏర్పాటు చేసింది.

తరువాత ఒక చిక్కు వచ్చింది. కృష్ణానీటిని రాయలసీమ పొలాలకూ, చెన్నై నగరానికీ చేర్చే తెలుగుగంగ కాలువ ఆ పక్షి ఉండే పొదల మీదుగా సాగవలసి వచ్చింది. మనిషికి నీరు కావాలి. పక్షికి నేల కావాలి. పరిశోధకులు పొదల మధ్య మెత్తని మట్టి పరిచి, అడుగుజాడలు చూసి, పక్షి ఎక్కడ తిరుగుతున్నదో తెలుసుకొన్నారు. ఆ వివరాలు చేతిలో ఉండబట్టే కాలువ దారి మార్చడం సాధ్యమైంది. నీరూ ఆగలేదు, పొదలూ పోలేదు. అంతకుముందు ఎవరూ ఆ పక్షిని వెదకి ఉండకపోతే ఆ పొదలు అడిగేవారు లేకుండానే పోయేవి. ఆ తరువాత చాలా ఏళ్ళు దాని జాడ మళ్ళీ తెలియలేదు. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో పక్షి పరిశీలకులు దాని కూతను రికార్డు చేశారు. ఆ కూత విన్న తరువాత మన బాధ్యత ఇంకా పెరిగింది.

దీనినిబట్టి ఒక విషయం గ్రహించవచ్చు. ధనం ఆదరణ వెంట నడుస్తుంది. ఆదరణ పరిచయం వెంట నడుస్తుంది. మైసూరు, హైదరాబాదు జంతుప్రదర్శనశాలల్లో జంతువుల పోషణ ఖర్చు భరించి వాటిని దత్తత తీసుకొనే పథకాలున్నాయి. పేరున్న జంతువును ఎవరైనా ముందుకు వచ్చి దత్తత తీసుకుంటారు. పేరే తెలియని ప్రాణికి ఎవరు ముందుకు వస్తారు? పరిచయం పెరిగితే ప్రభుత్వాలు కూడా స్పందిస్తాయి. తమిళనాడు ప్రభుత్వం 2022లో నీలగిరి వరయాడు అనే కొండమేక కోసం 25 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. 2024లో ఆ రాష్ట్రంలో 1,031 వరయాడులుండగా, 2025 లెక్కలో 1,303 కనిపించాయి.

అన్నిటికీ డబ్బే మూలం కాదు. ఒడిశాలోని గంజాం జిల్లాలో ఋషికుల్యా నది సముద్రంలో కలిసేచోట ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. 2025 ఫిబ్రవరిలో ఆరు లక్షలకు పైగా వచ్చాయి. ఊరివారు వాటి గుడ్లను కంటికి రెప్పలా కాచి, దారితప్పిన పిల్లలను సముద్రంలో వదులుతారు. తాబేళ్ళకోసం ఏటా నవంబరు నుంచి మే వరకు అక్కడ చేపల వేటపై ఆంక్షలుంటాయి. ఆ తీరంలో తెలుగు మాట్లాడే జాలరి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తాబేలును చూసి మనం సంతోషిస్తాం. వేట మానినవారి ఇంట పొయ్యి వెలగాలని కూడా ఆలోచించాలి. వారి జీవనోపాధికి చేసే ఖర్చు కూడా తాబేలు రక్షణకు చేసిన ఖర్చే.

పులిని ప్రేమించడం మానవద్దు. ఆ ప్రేమను మరికొంచెం దూరం సాగనివ్వండి. మీ ఊరి చెరువులో, పొదలో, మడ అడవిలో పేరు తెలియని ప్రాణి ఒకటి ఉండే ఉంటుంది. ముందు దాని పేరు తెలుసుకోండి. రక్షణ అక్కడే మొదలవుతుంది.

అభ్యాసం

అ. కొత్త మాటలు
వాకబు = విచారణ
ఆదరణ = అభిమానం, మన్నన
ఆంక్ష = కట్టడి, నిషేధం
అభయారణ్యం = ప్రాణులను వేటాడరాదని చట్టం చేసి కాపాడే అడవి
జాడ = గుర్తు, ఆచూకీ

ఆ. ప్రశ్నలు
1. పులికోసం పెట్టిన ఖర్చు ఇతర ప్రాణులకు ఎలా ఉపయోగపడింది?
2. కలివికోడి మళ్ళీ ఎలా దొరికింది? అందులో స్థానికుని పాత్ర ఏమిటి?
3. తెలుగుగంగ కాలువ దారి మార్చడానికి ఏది తోడ్పడింది?
4. “ధనం ఆదరణ వెంట నడుస్తుంది.” దీన్ని సొంతమాటల్లో వివరించండి.
5. జాలరుల జీవనోపాధికి చేసే ఖర్చు తాబేలు రక్షణకు చేసిన ఖర్చే అని రచయిత ఎందుకన్నారు? మీరు అంగీకరిస్తారా?

ఇ. భాషాభ్యాసం
1. విడదీసి సంధి పేరు రాయండి: అభయారణ్యం, జీవనోపాధి.
2. సొంతవాక్యాల్లో ప్రయోగించండి: కంటికి రెప్పలా, తలదాచుకొను, నిలదొక్కుకొను.

ఈ. చేయండి
మీ ప్రాంతంలో ఇప్పుడు అరుదుగా కనిపించే ఒక పక్షిని గాని, జంతువును గాని గురించి ఇంట్లో పెద్దలనడగండి. దాన్ని తెలుగులో ఏమంటారో, మీ రాష్ట్రభాషలో ఏమంటారో రాసి, బొమ్మ గీసి తరగతిలో ప్రదర్శించండి.