కణములలోని ఆనవాళ్లు

విద్యార్థులారా! మన శరీరము కోట్లకొలది కణములచే నిర్మితమైనదని ప్రకృతిశాస్త్ర పాఠములలో చదివియున్నారు. చర్మము, నోరు, అన్నవాహిక, స్త్రీల గర్భాశయ ముఖద్వారము మున్నగువాని పైపొరలో, ఇంటికప్పున పెంకులు పేర్చినట్లు, పలుచని చదునైన కణములు వరుసలుగా నుండును. వీనికి శల్కకణములని పేరు. అడుగు వరుసలో క్రొత్త కణములు పుట్టి, క్రమముగా పైకి జరిగి, తుదకు రాలిపోవుచుండును. ఈ పెరుగుదల హద్దుమీరి లోభాగములలోనికి చొచ్చుకొనిపోయినచో అదియే శల్కకణ క్యాన్సరు. గర్భాశయ ముఖద్వారమున పుట్టు క్యాన్సర్లలో అధికభాగము ఈ జాతివే.

దీనికి మూలకారణము హ్యూమన్ పాపిల్లోమా వైరసు. జర్మను శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్ 1983లో ఈ వైరసులలో 16వ రకమును, మరుసటి ఏట 18వ రకమును ఈ క్యాన్సరులో కనుగొనెను. 2008లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

కణవిభజనకు కళ్లెమువంటి ప్రోటీను ఒకటి కలదు. దాని పేరు రెటినోబ్లాస్టోమా ప్రోటీను. వైరసు తయారుచేయు ఇ-7 అను ప్రోటీను ఈ కళ్లెమును తెంచివేయును. అంతట కణము తన్ను తాను ఆపుకొనుటకై పి-16 అను మరియొక ప్రోటీనును విస్తారముగా పుట్టించును. కాని కళ్లెము తెగిన గుఱ్ఱమును రౌతు ఎంత లాగినను ఏమి ఫలము? ఆ వ్యర్థప్రయత్నమే వైద్యునకు ఆనవాలగుచున్నది. తీసిన కణములకు తగిన రంగు పట్టించినచో పి-16 సూక్ష్మదర్శినిలో స్పష్టముగా కనబడును.

కి-67 అనునది రెండవ ఆనవాలు. జర్మనీలోని కీల్ నగరమును బట్టి దానికాపేరు వచ్చెను. విభజన చెందుచున్న కణములలోనే ఇది యుండును. పి-16 విభజనను ఆపునది. కి-67 విభజన జరుగుచున్నదని తెలుపునది. ఈ రెండును ఒకే కణమున గోచరించుట ఆరోగ్యలక్షణము కాదు. క్యాన్సరునకు పూర్వదశను శంకించి, వైద్యులు తదుపరి పరీక్ష చేయుదురు.

మూడవది రక్తములో దొరకును. 1977లో జపానులో కాటో, టొరిగోయె అనువారు దీనిని వెల్లడించిరి. దీనిని శల్కకణ క్యాన్సరు ప్రతిజనకమందురు. చికిత్స పిమ్మట దీని పరిమాణము తగ్గినచో మేలు. మరల పెరిగినచో వ్యాధి తిరుగబెట్టెనేమోయని పరీక్షింపవలెను. అయితే తొలిదశలో ఇది పెరుగకపోవచ్చును. కొన్ని చర్మవ్యాధులలోను, మూత్రపిండముల వ్యాధులలోను పెరుగవచ్చును. కనుక వ్యాధి లేదని నిశ్చయించుటకు ఈ ఒక్క రక్తపరీక్ష చాలదు.

తల్లిదండ్రులారా! ఈ వ్యాధి పూర్వదశ బాధ కలిగింపదు. బాధ లేదని పరీక్ష మానుట ప్రమాదకరము. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో 2000వ సంవత్సరమున ఆరంభమైన పరిశోధనలో, శిక్షణ పొందిన నర్సులు 30 మొదలు 59 ఏండ్ల స్త్రీలను పలుచని ఎసిటిక్ ఆమ్లముతో పరీక్షించిరి. మార్పు చెందిన చోటు తెల్లబడును. ఆ గ్రామములలో ఈ క్యాన్సరు మరణములు 35 శాతము తగ్గినవని 2007లో ప్రకటింపబడెను. ఖరీదైన యంత్రములు లేకున్నను ప్రాణములు నిలుపవచ్చునని దీనివలన తెలియుచున్నది.

9 మొదలు 14 ఏండ్ల బాలికలకు వైరసు నిరోధకమగు టీకా వేయింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించుచున్నది. టీకా వేయించుకొన్నవారు సయితము పెద్దవారైన పిదప పరీక్ష మానరాదు. బాలబాలికలారా! ఈ పాఠమును మీ తల్లులకు చదివి వినిపింపుడు. సిగ్గుచే దాచిన వ్యాధి ముదురును. సకాలమున చూపిన వ్యాధి నయమగును.