ఆకాశానికీ గట్లుంటాయి

కనుమ రోజు. జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతోంది. కౌశిక దాటించిన ప్రభ ఒడ్డెక్కగానే జనం ఒక్కసారి కేక పెట్టారు. అందరూ ప్రభల వైపు చూస్తున్నారు. ఒక్క కుర్రాడు మాత్రం పైకి చూస్తున్నాడు. పైన నాలుగు చిన్న ఫ్యాన్లున్న యంత్రం ఒకటి జుయ్‌మని తిరుగుతోంది. తేనెటీగల తుట్టె కదిలినట్టుంది ఆ చప్పుడు.

ఆ కుర్రాడిది మామిడికుదురు. ఇంటర్ చదువుతున్నాడు. తల్లితో, మావయ్య కూతురితో కలిసి తీర్థానికి వచ్చాడు.

"అమ్మా, అది డ్రోను. కిందున్నవాళ్ళు మీటలు నొక్కితే పైన ఎగురుతుంది. ఫొటోలు తీస్తుంది. మావయ్య వచ్చే నెల కువైట్ నుంచి వస్తున్నాడు కదా, నాకొకటి తెమ్మని చెప్పవా?"

తల్లి వెంటనే సరే అనలేదు. "ఎగరెయ్యాలంటే ఎవరినైనా అడగాలా?" అంది.

"ఎవరినడగాలి? ఆకాశానికేమైనా పాస్‌బుక్కుందా?" అని నవ్వాడు కొడుకు.

"మన చేలోకి నీళ్ళు పెట్టుకోవాలన్నా పై చేనోళ్ళకి ఒక మాట చెప్పే గండి కొడతాం. పైన విమానాలు తిరుగుతాయి. వాళ్ళకి చెప్పొద్దా?" అంది తల్లి.

మేనకోడలు పాలిటెక్నిక్ చదువుతోంది. "అత్త అన్నది నిజమే. ఆకాశానికీ గట్లున్నాయి" అంది. ఇంటికి వెళ్ళాక సెల్‌ఫోను తీసి ఒక పటం చూపించింది. దాని పేరు డిజిటల్ స్కై. అందులో మూడు రంగులున్నాయి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ.

ఎర్ర రంగు చోట కేంద్ర ప్రభుత్వం అనుమతి లేకుండా డ్రోను ఎగరేయకూడదు. పసుపు రంగు చోట విమానాశ్రయం టవర్లో కూర్చుని విమానాలకు దారి చెప్పేవాళ్ళ అనుమతి కావాలి. ఆకుపచ్చ చోట అనుమతి అక్కర్లేదు. అయితే అక్కడా ఎత్తుకు హద్దుంది. 400 అడుగులు దాటకూడదు. బాగా పెరిగిన కొబ్బరి చెట్టు 60, 70 అడుగులుంటుంది. అలాంటివి ఆరు చెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెడితే ఎంత ఎత్తో, సుమారుగా అంతన్నమాట.

ఇవి 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనలు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా అసలు ఎగరేయకూడదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల వరకే. అది దాటి పైకి పోవాలంటే అడగాల్సిందే. తప్పు చేస్తే లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు.

"ఇన్ని కిలోమీటర్లెందుకు? విమానం ఎక్కడో మబ్బుల్లో కదా పోయేది?" అన్నాడు కుర్రాడు.

పోయేటప్పుడు మబ్బుల్లోనే పోతుంది. దిగేటప్పుడు మాత్రం మెల్లగా ఏటవాలుగా వస్తుంది. ఇంకా 8 కిలోమీటర్లుందనగా సుమారు 1,400 అడుగుల ఎత్తులో ఉంటుంది. 2 కిలోమీటర్లకు వచ్చేసరికి 350 అడుగులే. అంటే డ్రోను తిరిగే ఎత్తుకు వచ్చేసినట్టే. అంత వేగంలో ఉన్న పైలట్‌కు ఇంత చిన్న వస్తువు కనిపించదు. కనిపించినా, సైకిలు తిప్పినట్టు విమానాన్ని పక్కకు తిప్పడం కుదరదు.

2025 జనవరిలో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ దగ్గర పెద్ద కార్చిచ్చు రేగింది. ఇళ్ళు కాలిపోతున్నాయి. కెనడా నుంచి వచ్చిన ఒక విమానం మంటల మీద నీళ్ళు పోస్తోంది. ఒకాయన మంటలెలా ఉన్నాయో చూద్దామని డ్రోను ఎగరేశాడు. అది కంటికి ఆననంత దూరం పోయింది. పోయి ఆ విమానం రెక్కకు తగిలింది. రెక్కకు చిల్లు పడింది. విమానం క్షేమంగానే దిగింది. కానీ బాగుచేసేదాకా మళ్ళీ లేవలేదు. మంటలార్పే విమానం ఒకటి తగ్గిపోయింది. ఆయన తర్వాత కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు.

తగలక్కర్లేదు, కనిపించినా చాలు. 2018 డిసెంబరులో లండన్ దగ్గర గాట్విక్ విమానాశ్రయంలో డ్రోన్లు కనిపించాయన్న కబురుకే విమానాలు ఆపేశారు. అటూ ఇటుగా 1,000 విమానాలు, లక్షా 40 వేల మంది ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు. క్రిస్మస్‌కు ఇళ్ళకు పోయేవాళ్ళు వాళ్ళంతా.

అమెరికాలో సరదాకు ఎగరేసేవాళ్ళు విమానాశ్రయానికి 5 మైళ్ళ లోపల ఉంటే ముందుగా వాళ్ళకు కబురు చేయాలని ఒకప్పుడు చట్టం ఉండేది. చెబితే సరిపోయేది. 2018లో వచ్చిన చట్టంతో అది మారింది. అలాంటి చోట్ల ఇప్పుడు చెప్పడం చాలదు, ముందే అనుమతి తీసుకోవాలి. మన దేశంలోనూ పసుపు చోట్ల అంతే. "ఎగరేస్తున్నాం" అని చెప్పడం కాదు. "ఎగరెయ్యమంటారా?" అని అడగాలి. వాళ్ళు సరే అన్నాకే మీట నొక్కాలి.

"మరి మనకి దగ్గర విమానాశ్రయం ఏది?" అని తల్లి అడిగింది.

రాజమండ్రి అవతల మధురపూడిలో ఉంది. మామిడికుదురుకు 60 కిలోమీటర్ల పైమాటే. సముద్రంలో గ్యాసు తీసే చోటికి మనుషుల్ని తీసుకెళ్ళే హెలికాప్టర్లు కూడా అక్కడి నుంచే లేస్తాయి. కోరుకొండ వైపు చుట్టాలింటికి వెళ్ళి డ్రోను ఎగరేస్తే మాత్రం చిక్కే. ఆ ఊరు విమానాశ్రయానికి దగ్గర.

"అయితే మన ఊళ్ళో బెంగలేదు" అన్నాడు కుర్రాడు.

ఉంది. ఎర్ర రంగు విమానాశ్రయాల చుట్టూనే ఉండదు. తాటిపాకలో చమురు శుద్ధి చేసే కర్మాగారం ఉంది. ఇలాంటి చోట్ల సంగతి కూడా పటంలో చూడనిదే తెలియదు. పైగా రంగులు మారుతుంటాయి. నిన్న ఆకుపచ్చ ఉన్నచోట ఇవాళ ఎరుపు ఉండవచ్చు. అందుకే ఎగరేసే ముందు ప్రతిసారీ చూడాలని నిబంధనల్లో ఉంది.

వరద మాటకొస్తే తల్లికి 2022 జూలై గుర్తొచ్చింది. లంకలన్నీ నీళ్ళలో ఉన్నాయప్పుడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. అప్పుడు హెలికాప్టర్లు, ప్రభుత్వం పెట్టిన డ్రోన్లు రెండూ అన్నం, నీళ్ళు మోశాయి. హెలికాప్టరుకు విమానాశ్రయం అక్కర్లేదు. డాబా మీదకూ, గట్టు మీదకూ బాగా కిందకు దిగి వస్తుంది. అలాంటప్పుడు వరద చూద్దామని ఎవరో ఒక కుర్రాడు తన డ్రోను పైకి వదిలాడనుకోండి. హెలికాప్టరు వెనక్కి పోవాలి. డాబా మీద పసిబిడ్డతో నిలబడ్డ తల్లికి పొట్లం అందదు.

కొడుకు ఇక నవ్వలేదు. "మా క్లాసులో ఒకడు వరదలో తీస్తానన్నాడు. వాడికి చెప్పాలి" అన్నాడు.

"ఇంకొకటుంది అత్తా. నాన్నను అక్కడి నుంచి తేవద్దని చెప్పు" అంది మేనకోడలు. 2022 ఫిబ్రవరి 9న మన ప్రభుత్వం బయటి దేశాల డ్రోన్లు తేవడాన్ని నిషేధించింది. కువైట్లో, దుబాయ్‌లో కొని పెట్టెలో పెట్టుకొస్తే విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ళు పట్టుకుంటారు. ఎండలో పని చేసి కూడబెట్టిన డబ్బు అక్కడే పోతుంది.

"మరి ఇక్కడ కొంటే?"

ఇక్కడ తయారైనవి దొరుకుతాయి. అయితే ముందు బరువు చూడాలి. 250 గ్రాముల లోపు డ్రోను నడపడానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. 2 కిలోల లోపుదైతే సరదాకు నడుపుకోవచ్చు. డబ్బు తీసుకుని పెళ్ళి వీడియో తీస్తే మాత్రం సర్టిఫికెట్ ఉండాలి. 2 కిలోలు దాటితే సరదాకైనా కావాలి. దానికి 18 ఏళ్ళు నిండాలి, పది పాసవ్వాలి, శిక్షణ తీసుకోవాలి. మహిళా సంఘాలకు చేలో మందు కొట్టే డ్రోన్లు ఇచ్చే పథకం 2023 నవంబరులో మొదలైంది. ఆ డ్రోన్లు నడిపే ఆడవాళ్ళు కూడా ఆ శిక్షణ పొందినవాళ్ళే.

రాత్రి అన్నాలయ్యాక తల్లి ఫోను తీసింది. ఎప్పుడూ మాటలతోనే కబురు పంపేది. ఈసారి కూడబలుక్కుంటూ ఒక్కొక్క అక్షరమే నొక్కింది.

"అన్నయ్యా, పిల్లాడికి డ్రోను తేవద్దు. పట్టుకుంటారంట. నువ్వు రా చాలు."

కాసేపటికి బదులొచ్చింది. "ఎవరు రాశారు?"

"నేనే" అని రాసింది తల్లి.

కొడుకు పక్కనే కూర్చున్నాడు. "మరి నా డ్రోను?" అన్నాడు.

"దాళ్వా డబ్బులు రానీ, చూద్దాం. కొనేరోజు నేనూ వస్తా. బరువెంతో డబ్బా మీద నేనే చదువుతా" అంది.