పని వేళ దాటినా ఆగని మెసేజ్‌లు

ప్రశ్న: మాది డిజిటల్ మార్కెటింగ్ టీమ్. రాత్రి పదైనా వాట్సాప్ గ్రూపు ఆగదు. ఇంట్లో గొడవలు, ఆఫీసులో చిరాకులు. ఏం చేయాలి?
- ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: పోస్టు రాత్రి తొమ్మిదింటికి పడాలంటే మనిషి అప్పటిదాకా కాచుకుని కూర్చోనక్కర్లేదు. మెటా బిజినెస్ సూట్‌లో మధ్యాహ్నమే షెడ్యూల్ చేయొచ్చు. 2019 నుంచి జీమెయిల్‌లోనూ ఆ వీలుంది. కామెంట్లు చూసే పనిని వంతులవారీగా పంచుకుంటే, మిగతావాళ్లు నోటిఫికేషన్లు ఆపేసి నిశ్చింతగా ఉంటారు.

ట్రెల్లో లాంటి బోర్డు ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చూపిస్తుంది. అలసటనూ అలకనూ చూపించదు. వాటికి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాల్సిందే.

ఫ్రాన్స్‌లో 2017 నుంచి, కనీసం 50 మంది ఉద్యోగులున్న సంస్థలు పని వేళ తర్వాత మెసేజ్‌లకు స్పందించకుండా ఉండే ‘డిస్‌కనెక్ట్ హక్కు’పై ఉద్యోగ సంఘాలతో చర్చించాలి. అలాంటి చట్టం కోసం ఆగకుండా, మెసేజ్‌లు ఆపేసే వేళను మీ టీమ్‌లోనే నిర్ణయించుకోండి. ఆ నియమం మేనేజరుకూ వర్తించాలి.