మేడపై సూర్యుడు, నేలపై డీజిలు

హైదరాబాదునకు వాయవ్యమున, కూకట్‌పల్లికి ఆవల నిజాంపేట యున్నది. ఒకప్పుడది పొలముల నడుమనున్న పల్లె. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమై హైటెక్ సిటీ విస్తరించిన కొలది, అందు పనిచేయువారు నివాసములకై ఈ వంకకు వచ్చిరి. పొలములు ప్లాట్లయినవి, ప్లాట్లపై అయిదేసి అంతస్తుల మేడలు లేచినవి. మేడ ఎత్తు పెరిగిన కొలది విద్యుత్తుతో అవసరమును పెరుగును. బోరునీరు మిద్దెమీది తొట్టికి చేరవలెనన్న మోటారు తిరుగవలెను. మోకాళ్ల నొప్పులుగల అవ్వ అయిదవ అంతస్తునకు పోవలెనన్న లిఫ్టు నడువవలెను. 2016 సెప్టెంబరులో కుంభవృష్టి కురిసి నిజాంపేటలోని బండారి లేఅవుట్ జలమయమైనప్పుడు, సెల్లారులు మునిగి, కరెంటు లేక, మేడలలోనివారు దినముల తరబడి నీటి నడుమ చిక్కుకొనిరి.

అట్టి ఆపద అరుదు. చిన్న చిన్న ఆటంకములు మాత్రము ప్రతి వేసవియందును వచ్చుచుండును. మే నెలలో ఒక మిట్టమధ్యాహ్నము ఊహింపుడు. ఇంటింటను ఏ.సి.లు నడచుచున్నవి. ఆ భారమునకు వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు కాలిపోయినది. మేడపైన సౌరఫలకములు వరుసలుగా నిలిచి యున్నవి. వానిపై నిప్పులు చెరుగు ఎండ కాయుచున్నది. అయినను ఇంటిలో ఫ్యాను తిరుగదు. ఇంత ఎండ యుండగా ఫలకములు ఏల పని మానినవి? సొమ్ము వెచ్చించి వానిని పెట్టించినవారు మొదట అడుగు ప్రశ్న యిదియే.

దీనికి సమాధానము వీధిలోని స్తంభముపై నున్నది. ఫ్యూజు మార్చుటకు లైన్‌మన్ పైకెక్కి, తీగలలో కరెంటు లేదను నమ్మకముతో పనిచేయుచుండును. ఆ సమయమున ఏ మేడమీది ఫలకముల నుండియైనను విద్యుత్తు వీధి తీగలలోనికి ప్రవహించినచో అతని ప్రాణమునకే ముప్పు. కావున గ్రిడ్డు ఆగినంతనే, ఒకటి రెండు సెకనులలో ఇన్వర్టరు తనంత తానుగా ఆగిపోవునట్లు నిర్మింపబడినది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో చేసిన నిబంధనలును దీనినే కోరుచున్నవి.

మరియొక కారణము కూడ కలదు. ఫలకములనుండి వచ్చునది ఏకముఖ విద్యుత్తు. ఇంటిలో వాడునది సెకనుకు 50 ఆవృత్తులుగల ప్రత్యావర్తి విద్యుత్తు. మొదటిదానిని రెండవదానిగా మార్చునదే ఇన్వర్టరు. సాధారణమైన ఇన్వర్టరు తానుగా శ్రుతి పట్టలేదు. తంబురా మ్రోగుచుండగా గాయకుడు గొంతు కలిపినట్లు, గ్రిడ్డులోని ఆవృత్తులను గమనించి వానితో కలియును. తంబురా ఆగినచో పాటయు ఆగును.

ఇచట డీజిల్ జనరేటరు అవసరము తెలియును. ముందుగా ఛేంజోవర్ స్విచ్ భవనమును వీధి తీగలనుండి వేరుచేయును. ఇక లోపలి కరెంటు బయటకు పోదు. లైన్‌మన్‌కు భయము లేదు. తరువాత జనరేటరు నిమిషమునకు 1500 చుట్లు తిరుగుచు 50 ఆవృత్తుల శ్రుతిని ఇచ్చును. దానిని గుర్తించి ఇన్వర్టరు మేలుకొనును. అప్పుడు సూర్యుడును డీజిలును కలిసి భారము మోయుదురు.

అయితే ఈ జోడెడ్లను నడుపుట చూచినంత తేలిక కాదు. ఒక పెద్ద భవన సముదాయమున 125 కె.వి.ఎ. జనరేటరు కలదనుకొందము. అది సుమారు 100 కిలోవాట్లు ఈయగలదు. అప్పటి వాడకము 60 కిలోవాట్లు. ఫలకములు 50 ఈయగలవు. ఎండ ఉచితము గదా యని 50 కిలోవాట్లును తీసికొన్నచో, జనరేటరుకు మిగులునది పదియే. ఇంత తక్కువ లోడుపై గంటల కొలది నడచిన ఇంజను తగినంత వేడెక్కదు. నూనె పూర్తిగా కాలదు. కాలని నూనెయు మసియు కలిసి పొగగొట్టమున నల్లని జిగటగా కారును. క్రమముగా ఇంజను బలము తగ్గును. అందుచే జనరేటరు శక్తిలో సుమారు 30 శాతమునకు తగ్గకుండ దానిపై లోడు ఉంచుట వాడుక. కంట్రోలరు అను పరికరము ఫలకములను 30 కిలోవాట్ల వద్దనే ఆపివేయును. మిగిలిన 20 కిలోవాట్ల ఎండ వృథా! అపార్టుమెంటు లెక్కలు వ్రాయు కార్యదర్శికి ఇది రుచింపదు. కాని గంటకు ఏడు లీటర్ల వరకు డీజిలు మిగులుచున్న సంగతి కూడ ఆ లెక్కలోనే యున్నది.

వాడకము ఒక్కసారిగా పడిపోయినచో మరియొక చిక్కు. మిగులు కరెంటు జనరేటరులోనికే ఎదురుపోయి, దానిని మోటారువలె త్రిప్పజూచును. రక్షణ స్విచ్ పడి భవనమంతయు చీకటి యగును. మేఘము అడ్డువచ్చినను కష్టమే. సూర్యుడు వదలిన భారము క్షణములో ఇంజనుపై పడును. బ్యాటరీయున్నచో ఈ ఒడుదొడుకులను అది భరించును. శ్రుతిని తానే పట్టగల ఇన్వర్టరులును కలవు. వానికి బ్యాటరీ తోడైనచో డీజిలును పూర్తిగా ఆపవచ్చును. పసిఫిక్ సముద్రమున అమెరికన్ సమోవాకు చెందిన టౌ ద్వీపము ఒకప్పుడు డీజిలుపైననే ఆధారపడెడిది. అచట 2016 నాటికి 1.4 మెగావాట్ల ఫలకములును, 6,000 యూనిట్లు నిలువయుంచు బ్యాటరీలును నెలకొల్పి, దాదాపు సర్వమును సూర్యునిపైననే నడుపసాగిరి.

ఆ ద్వీపమునకు గ్రిడ్డు లేదు గనుక అంత వ్యయము తగును. నిజాంపేటలో కరెంటు పోయినను సాధారణముగా కొద్దిసేపటికి తిరిగి వచ్చును. అంత పెద్ద బ్యాటరీ ఇచట ఏడాదిలో అధిక భాగము ఊరక పడియుండును. మేఘము దాటిపోవువరకు భారము మోయగల చిన్న బ్యాటరీ చాలును. జనరేటరును మాత్రము వాననీరు చేరని ఎత్తైన దిమ్మెపై నిలుపవలెను.

లైన్‌మన్ క్రొత్త ఫ్యూజు వేసి స్తంభము దిగును. వీధిలోనికి కరెంటు వచ్చును. స్విచ్ మరల గ్రిడ్డువైపునకు మారును. జనరేటరు వెంటనే ఆగదు. వేడి తగ్గుటకై లోడు లేకయే కొన్ని నిమిషములు తిరుగును. మేడమీది ఇన్వర్టరును తొందరపడదు. గ్రిడ్డు శ్రుతి నిలకడగా నున్నదో లేదో కొంతసేపు గమనించి, పిమ్మట దానితో గొంతు కలుపును.