కళాచరిత్ర పరిశోధనకు డబ్బెక్కడిది?

ఈ కాలేజీలోనే బి.ఏ. చదివి, ముప్పై ఏళ్ళకు పైగా చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి. "సార్వెనీర్‌కు ఏదైనా రాయండి మాష్టారూ" అని విద్యార్థి సంఘం వాళ్ళు ఇంటికొచ్చి అడిగారు. ఏం రాయాలా అని ఆలోచిస్తుంటే, తరగతిలో ఏటా కనీసం ఒక్కరైనా నన్ను అడిగిన ప్రశ్న గుర్తుకొచ్చింది. "సార్, గుళ్ళమీద, బొమ్మలమీద పరిశోధన చెయ్యాలనుంది. డిగ్రీ చదివే మాలాంటివాళ్ళకి డబ్బు ఎవరిస్తారు?"

ఈ ప్రశ్న ఒకప్పుడు నాదే. ముందు ఆ సంగతి చెప్పి తర్వాత జవాబులోకి వస్తాను.

1983లో నేను బి.ఏ. రెండో సంవత్సరం. మా ఊరికి రెండు బస్సులు మారి వెళ్ళే దూరంలో ఒక పాత గుడి ఉంది. మండపం కప్పుమీద ఎర్రమట్టి రంగుతో వేసిన రామాయణం బొమ్మలుండేవి. వాటిని ఫొటోలు తీయించి వ్యాసం రాయాలని నా కోరిక. కెమెరా అద్దెకి, ఫిల్ముకి, బస్సుకి డబ్బు లేదు. ఒక ఆఫీసుకి దరఖాస్తు పెట్టాను. నాలుగు పేజీలు రాశాను. భారతీయ సంస్కృతి ఔన్నత్యం గురించి మూడున్నర పేజీలు, బొమ్మల గురించి అరపేజీ. ఎంత డబ్బు కావాలో మాత్రం ఎక్కడా రాయలేదు! ఎం.ఏ. పైబడినవారికే సహాయం అని ఒక వాక్యంలో జవాబు వచ్చింది. మరుసటి ఏడు కుంభాభిషేకం పేరుతో ఆ మండపానికి లోపలా బయటా సున్నం కొట్టేశారు. నా దగ్గర మిగిలింది నోటు పుస్తకంలో పెన్సిలుతో గీసుకున్న ఒక్క హనుమంతుడి బొమ్మ.

ఆ ఆఫీసువారిది ఎంత తప్పో నాదీ అంతే తప్పు అని చాలా కాలానికి గాని నాకు తెలియలేదు. ఈ వ్యాసం అందుకే.

ఉన్నమాట చెప్పుకుందాం

సైన్సు విద్యార్థులకు డిగ్రీ స్థాయిలోనే పరిశోధన కోసం ప్రభుత్వం పథకాలు పెట్టింది. 2008లో మొదలైన ఇన్‌స్పైర్ పథకంలో సైన్సు డిగ్రీ విద్యార్థికి ఏడాదికి 80 వేల రూపాయలు కేటాయించారు. అందులో 20 వేలు వేసవి పరిశోధన కోసమే. విదేశాల్లోనూ ఈ ఆలోచన పాతదే. అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 1969లోనే డిగ్రీ విద్యార్థుల పరిశోధనకు ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. కళల విషయంలో చూస్తే, లాస్ ఏంజిలస్‌లోని గెట్టీ ఫౌండేషన్ 1993 నుంచి అక్కడి మ్యూజియంలలో డిగ్రీ విద్యార్థులకు జీతంతో కూడిన శిక్షణ ఇప్పిస్తోంది.

మన దగ్గర కళాచరిత్రకు పెద్ద తలుపులున్నాయి గాని, అవి ఎక్కువగా డిగ్రీ దాటినవాళ్ళకే తెరుచుకుంటాయి. కేంద్ర సాంస్కృతిక శాఖ జూనియర్ ఫెలోషిప్ నెలకు 10 వేల చొప్పున రెండేళ్ళు ఇస్తారు. కాని వయసు 25 నుంచి 40 మధ్య ఉండాలి. అదే శాఖ 18 నుంచి 25 ఏళ్ళ యువ కళాకారులకు నెలకు 5 వేలు ఇస్తుంది. అయితే అది బొమ్మలు వెయ్యడం నేర్చుకునేవాళ్ళకు, బొమ్మల చరిత్ర రాసేవాళ్ళకు కాదు. బెంగుళూరులో 1993లో ఏర్పడిన ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ పరిశోధనలకు గ్రాంట్లు ఇస్తుంది. ప్రతిపాదన తెలుగులోనే రాసి పంపుకోవచ్చు. ఇంగ్లీషుకు భయపడేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి. డిగ్రీ చేతికొచ్చాక వీటివైపు చూడండి.

చిన్న తలుపులు

మరి ఇప్పుడు? చేతికందే దూరంలో కొన్ని చిన్న తలుపులున్నాయి.

మొదటిది మన చదువులోనే ఉంది. 2022 డిసెంబరులో యు.జి.సి. ప్రకటించిన నాలుగేళ్ళ డిగ్రీ విధానంలో, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారు నాలుగో ఏడు పరిశోధన ఎంచుకోవచ్చు. దానికి 12 క్రెడిట్లు. ఇది డబ్బివ్వదు, గైడునీ, సమయాన్నీ ఇస్తుంది. ఆ రెండూ డబ్బుకన్నా తక్కువేం కాదు. తెలంగాణ ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో 'జిజ్ఞాస' పేరుతో విద్యార్థుల అధ్యయన ప్రాజెక్టులకు పోటీలు జరిపారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో డిగ్రీ కోర్సులోకి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తెచ్చారు. ఊళ్ళోని పాత గుడి, వీరగల్లు, రథంమీది చెక్కడాలు ఇలాంటి ప్రాజెక్టుకి పనికిరావని ఎవరూ అనలేదు. మనమే అడగలేదు.

రెండోది, 1984లో ఏర్పడిన ఇన్‌టాక్ సంస్థ. జిల్లాల్లో శాఖలున్నాయి. పరిశోధన స్కాలర్‌షిప్పులూ ఇస్తుంది. అర్హతలు ప్రకటనలో చదువుకోవాలి. అర్హత లేకపోయినా, శాఖవారితో కలిసి పాత కట్టడాల జాబితా రాయడానికి వెళ్తే పని నేర్చుకోవచ్చు.

మూడోది కాలేజీ, పూర్వ విద్యార్థులు. దీని గురించి చివర్లో చెబుతాను.

అడగడం ఎలా?

ఎవరిని అడిగినా దరఖాస్తు ఒక్క పేజీ దాటకూడదు. అందులో ఐదు సంగతులుండాలి: ఏమిటి నా ప్రశ్న, ఇప్పుడే ఎందుకు, ఏ రోజు ఏం చేస్తాను, ఎంత ఖర్చు, తిరిగి ఏమిస్తాను.

ఒక ఉదాహరణ చూద్దాం. "విజయనగర కళావైభవం" అనేది ప్రశ్న కాదు, పెళ్ళిపందిరి. దాని కింద ఎవరైనా కూర్చోవచ్చు. లేపాక్షి వీరభద్రాలయం తీసుకోండి. అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన గుడి. మండపాల కప్పుల మీద పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం మొదలైన చిత్రాలున్నాయి. మగవాళ్ళలో కొందరి నెత్తిన పొడుగాటి కుళ్ళాయిలుంటాయి. శ్రీనాథుడి చాటువు పుణ్యమా అని తెలుగువాళ్ళకి కుళ్ళాయి అన్న మాట తెలిసిందే. "ఈ చిత్రాల్లో కుళ్ళాయి ఎవరు పెట్టుకున్నారు? రాజోద్యోగులేనా, పురాణ పాత్రలు కూడానా?" ఇదీ ప్రశ్న! మెడ ఎత్తి లెక్కపెట్టి, పట్టిక వేసి, మూడు రోజుల్లో జవాబు వెతకవచ్చు. డిగ్రీ విద్యార్థి చెయ్యగల పనే.

ఇప్పుడు ఖర్చు. ఇద్దరు విద్యార్థులు, మూడు రోజులు అనుకుని ఒక నమూనా లెక్క: రానూపోనూ బస్సు 2,400, హిందూపురంలో రెండు రాత్రులు గది 2,000, భోజనాలు 1,800, హిందూపురం–లేపాక్షి తిరుగుడు 400, ప్రింట్లు, నోటు పుస్తకాలు 900, చేతి ఖర్చు 500. మొత్తం 8,000 రూపాయలు. ఈ లెక్క చూసినవాడికి మీరు నిజంగా వెళ్తారని నమ్మకం కలుగుతుంది. "తగినంత సహాయం చేయ ప్రార్థన" అని రాస్తే కలగదు. నేను అలాగే రాశాను!

వెళ్ళేముందు అనుమతుల సంగతి కనుక్కోండి. కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్, ప్రత్యేకమైన లైట్లు వాడాలంటే ముందుగా అనుమతి కావాలి. పాత రంగులమీద ఫ్లాష్ కొట్టకండి. పూజారిగారితో, కాపలాదారుతో మర్యాదగా మాట్లాడండి. పుస్తకంలో లేని సంగతులు వాళ్ళకి తెలుస్తాయి. తిరిగొచ్చాక టిక్కెట్లు, బిల్లులు ఒక కాగితానికి అంటించి, ఖర్చయింది ఇంత, మిగిలింది ఇంత అని రాసివ్వండి. మిగిలిన ఇరవై రూపాయలు తిరిగిచ్చిన కుర్రాడికి మరుసటిసారి అడక్కుండానే ఇస్తారు.

తిరిగి ఏమిస్తాను అన్నది మరిచిపోకండి. ఫొటోలు ఒక సెట్టు కాలేజీ లైబ్రరీకి, ఒక సెట్టు ఆ గుడివారికి. రేపు ఎవరైనా సున్నం బకెట్టు పట్టుకొస్తే, "ఇదుగో, ఇక్కడ ఇవి ఉన్నాయి" అని చూపించడానికి ఆ ఫొటోలే సాక్ష్యం.

ఒక మనవి

పూర్వ విద్యార్థులకు ఒక మాట. మీలో దేశంలోనూ, విదేశాల్లోనూ బాగా స్థిరపడినవారున్నారు. మీరు కాలేజీకి బీరువాలు, ఫ్యానులు, కంప్యూటర్లు ఇచ్చారు. సంతోషం. ఏటా ఇద్దరు విద్యార్థులకు ఒక ప్రయాణం ఖర్చు ఇవ్వలేరా? పైన వేసిన లెక్క 8,000 రూపాయలు. చరిత్ర శాఖ అధ్యాపకులు ఇద్దరు, పూర్వ విద్యార్థి ఒకరు కలిసి ఒక్క పేజీ దరఖాస్తులు చూసి ఎంపిక చేస్తే చాలు. మొదటి సంవత్సరం సొమ్ము నా పింఛను నుంచి నేనిస్తానని ప్రిన్సిపాల్‌గారికి ఉత్తరం రాసి ఇచ్చాను. రెండో సంవత్సరం ఎవరిస్తారో నాకు తెలియదు. ఈ పుట చదువుతున్నవారే అయి ఉంటారని ఆశ.

విద్యార్థులారా! పెద్ద ఫెలోషిప్ వచ్చేదాకా ఆగకండి. సున్నం కొట్టేవాడు ఎవరికోసమూ ఆగడు. ఈ సెలవుల్లోనే మీ ఊరి గుడికి వెళ్ళి, ఒకసారి తలెత్తి కప్పుకేసి చూడండి.