జేబులోని గుట్టు

పూర్వం సంస్థల రహస్యపత్రాలు ఇనుప బీరువాలలో భద్రంగా ఉండేవి. నేడు ఆ బీరువాలన్నింటి సమాచారం బొటనవ్రేలంత పెన్‌డ్రైవ్‌లో ఇమిడి, ఎవరి జేబులోనైనా గడప దాటిపోగలదు. సౌకర్యం ఎంతటిదో ప్రమాదమూ అంతటిదే.

2017 అక్టోబరులో లండన్‌లోని హీత్రూ విమానాశ్రయ ఉద్యోగి ఒకరు పెన్‌డ్రైవ్‌ను పోగొట్టుకొన్నారు. అది దొరికిన వ్యక్తి గ్రంథాలయంలోని కంప్యూటరులో తెరిచి చూడగా 76 ఫోల్డర్లు, వెయ్యికి పైగా ఫైళ్ళు కనిపించాయి. వాటికి ఎన్‌క్రిప్షన్ గాని, పాస్‌వర్డ్ గాని లేదు. భద్రతా సిబ్బంది వ్యక్తిగత వివరాలు కూడ అందులో ఉన్నాయి. చివరకు అది ఒక వార్తాపత్రికకు చేరింది. 2018లో బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం ఆ సంస్థకు 1,20,000 పౌండ్ల జరిమానా విధించింది.

ఆ సంస్థకు నియమాలు లేకపోలేదు. కాని వాటిని అతిక్రమించి ఇటువంటి సాధనాలను విరివిగా వాడేవారని విచారణలో తేలింది. 6,500 మంది సిబ్బందిలో సమాచార రక్షణపై శిక్షణ పొందినవారు నూటికి ఇద్దరే! కాగితంపై వ్రాసిన నియమం తనంతట తాను కాపలా కాయదు కదా!

కనుక సంస్థ అనుమతించిన పరికరాలను మాత్రమే కంప్యూటరు స్వీకరించే ఏర్పాటుండాలి. అవసరం లేనిచోట యు.ఎస్.బి. పోర్టులను మూసివేయాలి. ఎవరు, ఎప్పుడు, ఏ ఫైలును నకలు చేసుకొన్నారో నమోదు కావాలి. బయటికి వెళ్ళే సమాచారానికి ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి కావాలి. అప్పుడు పరికరం పోయినా గుట్టు పోదు. అన్నిటికంటె ముఖ్యంగా, ఈ కట్టుబాట్లు ఎందుకో ప్రతి ఉద్యోగికీ తెలియాలి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనమేమి?